మా అమ్మ కొట్టిన చెంపదెబ్బ

దయ్యాల మాట ఎత్తితే నేను నవ్వి ఊరుకునే రకం కాదు, తిట్టే రకం. పన్నెండేళ్లుగా బస్సు కండక్టర్‌గా పనిచేస్తున్నాను. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్, ఈ రోడ్లన్నీ నాకు కొట్టిన పిండి. ధరూర్ దాటాక ఒక మలుపులో తెల్లచీర మనిషి కనిపించిందని ఒక డ్రైవర్ అంటే, "ముందు కండ్లు సూపిచ్చుకో అన్నా, యాభై మంది పానాలు నీ చేతుల ఉన్నయ్" అని డిపోలో అందరి ముందూ కడిగిపారేశాను. ఆ మాటను నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

ఇది రాస్తున్నది ఎవరినో భయపెట్టడానికి కాదు. నాకు కోపం తగ్గక రాస్తున్నాను. జరిగి ఎనిమిది నెలలు దాటింది, ఇంకా తగ్గలేదు.

మాది పెద్దమందడి దగ్గర ఒక ఊరు. మా అమ్మ పేరు బాలమ్మ. నిరుడు ఆమె కళ్ళు మసకబారుతున్నాయంటే హైదరాబాద్ తీసుకుపోయాను. నీటి కాసులట. కుడి కన్ను అప్పటికే పోయింది, ఎడమ కన్ను కూడా కొన్ని నెలలకంటే ఎక్కువ నిలవదన్నాడు డాక్టర్. బయటికి వచ్చి ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. మెట్ల మీద కూర్చుని చెప్పులు వేసుకుంటూ ఒక మాట అంది.

"మణెమ్మా, కండ్లు ఉన్నప్పుడే నన్ను వైజాగ్ తోల్కపో. మీ అక్కను పెట్టిన జాగ సూసి వస్త."

నాకు ఒక అక్క ఉండేదని తెలుసు. నేను పుట్టకముందే పోయింది. ఆమె పేరు కూడా మణెమ్మే. పోయిన పిల్ల పేరు తర్వాత పుట్టిన పిల్లకు పెట్టడం మా దగ్గర మామూలే. అక్క పాత గౌను చెల్లికి తొడిగినట్టు ఆ పేరు నాకు తొడిగారు. అంతకుమించి ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పేవారు కాదు. ఆ రోజు మెట్ల మీద మా అమ్మ మొత్తం చెప్పింది.

నలభై ఏళ్ల పైమాట. పాలమూరు నుంచి జనం వలసపోయే రోజులు. మా ఊరి గుంపు మేస్త్రీ బుచ్చన్న పాతిక జంటలను లారీ ఎక్కించి వైజాగ్ అవతల భీమిలి దిక్కు రోడ్డు కట్టకు మట్టి తవ్వడానికి తీసుకుపోయాడు. మా నాయన నర్సింహ గడ్డపారతో తవ్వేవాడు, మా అమ్మ తట్ట మోసేది. ఎనిమిది నెలల అక్క గుడిసె దగ్గర చీర ఉయ్యాలలో ఉండేది. రెండు ఎండాకాలాలు అక్కడే పనిచేశారు. సముద్రం మైలు దూరం కూడా లేదు. దాని మోత చెవుల్లో పడేది. మొదట్లో మా అమ్మ అది గాలి అనుకుందట. ఆడవాళ్ళు ఒక్కసారి చూసి వస్తామంటే మేస్త్రీ పోనివ్వలేదు. పని పాడైతదన్నాడు. రెండేళ్లు సముద్రం పక్కనే బతికి మా అమ్మ సముద్రం చూడకుండా వచ్చేసింది.

ఇక్కడ మట్టిపని గురించి ఒక ముక్క చెప్పాలి. మట్టి తవ్వే గుంతలో, తవ్వేవాళ్ళు అక్కడక్కడా ఒక దిమ్మను ముట్టకుండా వదిలేస్తారు. చుట్టూ నేల లోతుకు పోతుంటే అది మాత్రం మొదటి ఎత్తులోనే నిలబడి ఉంటుంది, నెత్తిన గడ్డితో సహా. ఎంత లోతు తవ్వారో దాన్ని చూసి కొలుస్తారు. మావాళ్ళు దాన్ని సాక్షి అంటారు. ఏ జంట సాక్షి మీద ఆ జంట గుర్తు ఉంటుంది. మా అమ్మానాయనల గుర్తు మూడు రాళ్ళు. కొలత అయిపోగానే సాక్షులన్నిటినీ కొట్టేసి గుంత చదును చేస్తారు.

రెండో ఏడు అక్కకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. దవాఖానకు పోవాలి, ట్రాక్టర్ ఇయ్యి అని మా నాయన మేస్త్రీ కాళ్ళ మీద పడ్డాడు. ఇవ్వలేదు. మట్టి తోలేది ఆగుతుందన్నాడు. మర్నాడు పొద్దున పిల్ల పోయింది. పరాయి దేశంలో ఎవరి నేలలో పెట్టాలి, ఎవరిని అడగాలి? మా నాయన తన గుంతలోనే, తమ సాక్షి అడుగున తొలిచి పూడ్చాడు. ఆడవాళ్ళను రానివ్వలేదు కాబట్టి మా అమ్మ చూడలేదు. కొన్ని రోజులకు కొలతలు అయిపోయి గుంపు వేరే పనికి కదిలింది. ఆడవాళ్ళు లారీ ఎక్కి కూర్చున్నాక మా నాయన ఆఖరున వచ్చి ఎక్కాడు.

"మన సాక్షి కొట్టలేదు. మేస్త్రీతో మాట్లాడిన. ఆ ఒక్కటి ఇడిసిపెట్టిండ్రు" అని మా అమ్మకు చెప్పాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని మా అమ్మ నలభై ఏళ్లు బతికింది. బిడ్డ మీద మనిషెత్తు దిమ్మ ఉంది, దాని మీద మూడు రాళ్ళున్నాయి, పోతే పోల్చుకోవచ్చు అని. మా నాయన తొమ్మిదేళ్ల కింద పోయాడు. అప్పటిదాకా కూడా ఎప్పుడడిగినా అదే మాట చెప్పాడట. ఇంకో సంగతి నాకూ గుర్తుంది. మా నాయన పార పట్టేవాడు, తట్ట మోసేవాడు, కానీ గడ్డపార ముట్టడం నేను ఎన్నడూ చూడలేదు. నడుం నొప్పి అనేవాడు.

మాఘమాసంలో పోయాం. నేను, అమ్మ, మా ఆయన రవి. మా ఆయనకు ఫోన్లలో చూసిందంతా చూడాలని పిచ్చి. బీచ్, కైలాసగిరి, ఋషికొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి, మూడో రోజు బొర్రా గుహలు, అరకు అని కాగితం మీద రాసుకున్నాడు. పోయే పని ఏంది, ఈయన జాబితా ఏంది అని రైల్లోనే ఒక విడత కొట్లాడాను. అమ్మ ఎక్కడైనా తప్పిపోతుందని నా ఫోన్ నంబర్ రాసిన కార్డు ఆమె మెడలో వేశాను. కండక్టర్ బుద్ధి ఎక్కడికి పోతుంది!

మొదటి రోజు పొద్దున్నే ఊర్లోని బీచ్‌కు పోయాం. అప్పుడే ఎండ ఎక్కుతోంది. నీళ్ళు ఆకాశం దాకా మెరుస్తున్నాయి. ఎంత కోపంలో ఉన్నదాన్నైనా తిట్టడం మరిచిపోయాను. అమ్మ ఒంటికన్నుతో చాలాసేపు చూసింది. సంబరపడుతుంది, ఒక ఫోటో తీద్దామని మా ఆయన ఫోన్ పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. ఆమె మొహం సంబరంగా లేదు.

"గింత పెద్దదా?" అంది. "గింత పెద్దదాన్ని నాకు కానరాకుండ దాసిపెట్టిండ్రా? థూ, వాళ్ళ నోట్ల మన్ను వొయ్య!"

మా అమ్మ తిట్టడం నేను అంతకుముందు ఎరగను. మా నాయన మీద గొంతు లేపగా కూడా ఎన్నడూ వినలేదు. మా ఇంట్లో తిట్లన్నీ నావే.

రెండో రోజు ఆటో మాట్లాడుకుని భీమిలి రోడ్డు పట్టాం. ఋషికొండ దగ్గర సముద్రం పచ్చగా, నీలంగా, నిజంగానే అందంగా ఉంది. మా ఆయన దిగుతానంటే ఒక్క చూపు చూశాను, దిగలేదు. అమ్మకు గుర్తున్నవి మూడే గుర్తులు. రోడ్డు పని నడిచే చోటికి ఎర్ర గుట్టలు ఎడమచేతి దిక్కు, సముద్రం మోత కుడిచేతి దిక్కు, ఎదురుగా తాటితోపు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగి చూశాం. మనిషికి రెండింతల ఎత్తు ఎర్ర గోడలు, మధ్యలో మెలికలు తిరిగిన సందులు. పిల్లలు ఎక్కి జారుతున్నారు, ఒక పెళ్లి జంట ఫోటోలు దిగుతోంది. అమ్మ ఒక గోడను అరచేత్తో తడిమింది.

"ఇది మనిషి తవ్వింది గాదు, వాన తవ్వింది. మనది గిట్ల ఉండదు. సదరంగ, నాలుగు మూలలు కొలిసినట్టు ఉంటది" అంది.

ఒక తాటికల్లు గీసే ముసలాయన దొరికితే అడిగాం. వెనకటికి రోడ్డుకు మట్టి తీసిన గుంటలు ఆ అవతల ఉండేవని, ఇప్పుడు అక్కడ రిసార్టు కట్టారని చెప్పాడు. ఆటోలో పోయి చూశాం. పెద్ద ప్రహరీ, ఇనుప గేటు, గేటు పక్కన కాగితంపూల తీగ. అమ్మ అటూ ఇటూ తిరిగి, సముద్రం మోత చెవి పెట్టి విని, ఇదేనంది. గేటు దగ్గర వాచ్‌మన్ మాత్రం గది బుక్ చేసుకున్నవాళ్ళకే లోపలికి అన్నాడు. నేను అరిచాను, బతిమాలాను, మళ్ళీ అరిచాను. అతను గేటు మీద చెయ్యి తీయలేదు.

ఎండ మండుతోంది. అమ్మ తూలుతుంటే వెనక్కి దిబ్బల దగ్గరికి తెచ్చి, రోడ్డు పక్కన జీడిమామిడి చెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టాం. మా ఆయన కొబ్బరిబొండం తెచ్చి ఆమె చేతికిచ్చి ఫోటో తీశాడు. ఫోన్లో ఆ ఫోటో టైము పదకొండు నలభై ఒకటి. నేను మేనేజర్‌తోనే మాట్లాడతానని ఆటోలో మళ్ళీ గేటు దగ్గరికి పోయాను. మా ఆయన అత్తను చూసుకుంటూ ఉండాలి. ఉండలేదు. ఐదు నిమిషాలు అనుకుని దిబ్బల్లోకి ఫోటోలకు పోయాడు. ఆ విషయం మీద మా ఇంట్లో ఇంకా గొడవ అవుతూనే ఉంది.

గేటు దగ్గర నాకు మేనేజర్ దొరకలేదు. పన్నెండు పదికి తిరిగి వచ్చేసరికి బల్ల మీద బొండం ఉంది, అమ్మ లేదు.

ఆ అరగంట గురించి ఎక్కువ రాయలేను. ఆ ఎర్ర సందుల్లో "అమ్మా" అని అరుచుకుంటూ పరుగెత్తాను. ఒంటికన్ను మసక మనిషి, మోకాళ్ళు అరిగిన మనిషి, నలభై అడుగులు వేస్తే కూర్చునే మనిషి ఎక్కడికి పోతుంది? మా ఆయనను పదిమందిలో ఏమేం తిట్టానో నాకే గుర్తులేదు. అప్పుడు ఫోన్ మోగింది. కొత్త నంబర్.

"మేడమ్, మీ నంబర్ ఒక పెద్దావిడ మెడలో కార్డు మీద ఉందండి. ఆవిడ మా రిసార్టులో స్విమ్మింగ్ పూల్ దగ్గర కూర్చున్నారు. ఎంత చెప్పినా లేవట్లేదండి."

ఈసారి ఆ గేటు నాకు తెరుచుకుంది.

లోపల పచ్చిక, తెల్ల గొడుగుల కింద కుర్చీలు, మధ్యలో నీలం నీళ్ళ కొలను. ఎండకు కళ్ళు చెదురుతున్నాయి. నీళ్ళలో నలుగురైదుగురు పిల్లలు బంతి ఆడుతున్నారు. అమ్మ అంచున కూర్చుని రెండు కాళ్ళూ నీళ్ళలో వేలాడేసింది. పక్కన చెప్పులు జతగా పెట్టి ఉన్నాయి.

"అమ్మా, ఎట్లొచ్చినవే ఈడికి? ఎవరు తోల్కొచ్చిండ్రు?" అని అడిగాను.

"మీ నాయన" అంది, అదేదో మామూలు సంగతన్నట్టు. "తువ్వాల కొస నా చేతికిచ్చి పట్టుకో అన్నడు. పట్టుకొని వచ్చిన."

"ఎండకు నీకు తల తిరిగింది. లే, పోదాం."

"నాకేం తిరగలె. ఇను. సాక్షి లేదంట, మణెమ్మా. ఆయననే కొట్టిండంట, ఆయన చేతులతోని. గిన్నేండ్లు నాకు అబద్ధం జెప్పిండు. చెంప మీద ఒక్కటిచ్చిన."

అని కుడి చెయ్యి నాకు చూపించింది. అరచెయ్యి ఎర్రగా ఉంది. దెబ్బకు కందిన ఎరుపు కాదు, మట్టి. వేళ్ళ నుంచి మణికట్టు దాకా పొడి ఎర్రమట్టి అంటుకుని ఉంది. ఎడమ చెయ్యి శుభ్రంగా ఉంది. దిబ్బల గోడను తడిమిన చెయ్యి ఏదో నాకు గుర్తులేదు, అదే అయి ఉండొచ్చు. కానీ తర్వాత ఆమె ఆ చేత్తోనే చల్లటి బొండం పట్టుకుంది. ఫోటోలో కుడి చెయ్యి కనిపిస్తుంది, ఇంత మట్టి లేదు.

అప్పుడు మేనేజర్ వచ్చాడు. పాతికేళ్ల కుర్రవాడు, మర్యాదగానే మాట్లాడాడు. గేటు తెరవలేదని వాచ్‌మన్ ఒట్టేస్తున్నాడట. వెనక గేటు ఒకటుంది కానీ దానికి తాళం. నాకు ఒళ్ళు మండింది.

"నేను మీ ముందు గేటు కాడనే నిలబడ్డ. నన్ను దాటి ఈమె ఎట్లొచ్చింది? మీ కెమెరాల్లో ఉంటది గదా, సూపెట్టు" అన్నాను.

తన వాచ్‌మన్ తప్పు లేదని తేల్చుకోవాలని అతనికీ ఉంది. ఆఫీసు గదిలోకి తీసుకుపోయి చూపించాడు. నేను, మా ఆయన, మేనేజర్ ముగ్గురం చూశాం.

కొలను దిక్కున్న కెమెరాలో పదకొండు యాభై నాలుగుకు మా అమ్మ కనిపించింది. ఆ గడియారాన్ని నా ఫోన్‌తో సరిచూశాను, రెండు నిమిషాల తేడా ఉంది, అంతే. చెట్టు కింద కొబ్బరిబొండం పట్టుకున్న మనిషి పదమూడు నిమిషాల్లో రెండు కిలోమీటర్ల అవతల, గోడ లోపల ఉంది. ఆటోలు, బస్సులు ఉన్నాయి కదా అంటే, రోడ్డు ఒక్కటే, దాని మీద నేనే ఉన్నాను. గోడ వారనున్న చెట్ల కంచె వైపు నుంచి వచ్చింది. అక్కడ గేటు లేదు.

నడక తడబాటు లేకుండా ఉంది. ఎడమ చెయ్యి ముందుకు చాపి, పిడికిలి బిగించి, ఎవరో ఏదో పట్టిస్తే దాని వెంట నడుస్తున్నట్టు వచ్చింది. ముందు ఎవరూ లేరు. కొలను అంచుకు వచ్చి ఆగింది. కొంచెంసేపు తల పైకెత్తి నిలబడింది, మా నాయన ఆమెకంటే జానెడు పొడుగు. తర్వాత కుడి చెయ్యి ఎత్తి గట్టిగా కొట్టింది.

గాలిలో కొట్టిన చెయ్యి అటువైపు దాటిపోవాలి కదా. ఎవరైనా సరే ఇప్పుడు కొట్టి చూడండి, పోతుంది. మా అమ్మ చెయ్యి మధ్యలో ఆగింది. ఆమె భుజం అదిరింది. అరచెయ్యి అక్కడే నిలబడి, తర్వాత మెల్లగా కిందికి జారింది.

మూడుసార్లు చూశాం. మూడోసారి మేనేజర్ తెర కట్టేశాడు. కాపీ ఇవ్వమంటే, పైవాళ్ళను అడగాలండి అన్నాడు. తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. కాబట్టి నా దగ్గర రుజువు ఏమీ లేదు. మా ఆయన చూశాడు, కానీ అతను నన్ను సముదాయించడానికి నేనేమన్నా ఔననే మనిషి, అతని సాక్ష్యం లెక్కలోకి రాదు.

పోతూ పోతూ మేనేజర్‌ను ఒక మాట అడిగాను, ఈ కొలను తవ్వినప్పుడు మీరున్నారా అని. లేడట. కానీ తవ్వే పని పెద్దగా పడలేదని, ఇక్కడ ముందే సదరంగా ఒక పెద్ద గుంట ఉండేదని ఓనర్ చెప్పాడట.

నేను ఆ కొలను దగ్గరికి వచ్చాను. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. వాళ్ళ కాళ్ళ కింద ఉన్నది మా అక్క. బయటికి రండి, బయటికి రండి అని అరిచాను. ఒక తల్లి నా మీదికి లేచింది. అప్పుడు మా అమ్మ నా కొంగు పట్టి లాగింది.

"ఎందుకు తిడ్తవ్? ఆడుకోనీ. దానికి తోడుంటరు."

బొర్రా గుహలు చూడలేదు, అరకు పోలేదు. మూడో రోజే రైలెక్కాం. దారిపొడుగునా నాకు ఒక్కటే ఆలోచన. అమ్మకు ఎండ తగిలింది, ఏదో ఊహించుకుంది, లోపలికి ఎలాగో వచ్చింది అని సర్దుకోవచ్చు. కానీ సాక్షిని మా నాయనే కొట్టాడన్న మాట నిజమా, అబద్ధమా? అది తెలిసిన మనిషి ఒకడు బతికే ఉన్నాడు.

మర్నాడు పొద్దున డ్యూటీకి పోకుండా బుచ్చన్న మేస్త్రీ ఇంటికి పోయాను. ఎనభైకి దగ్గరపడ్డాడు. అరుగు మీద మంచంలో కూర్చుని మాత్రల అట్ట పట్టుకుని ఉన్నాడు. ఊర్లో అందరూ ఆయనకు దండం పెడతారు. చిన్నప్పటి నుంచి నేనూ పెట్టేదాన్ని. ఆ రోజు పెట్టలేదు.

"పెద్దనాయనా, సాక్షి ఎవరు కొట్టిండ్రు?" అన్నాను.

"ఏ సాక్షి, బిడ్డా?"

"మా అక్క మీదున్న సాక్షి."

మాత్రల అట్ట ఆయన చేతిలో నుంచి జారింది. "నీకెవరు జెప్పిండ్రు?"

"ముందుగాల నువ్వు జెప్పు."

"మీ నాయననే కొట్టిండు" అన్నాడు. "సాక్షులన్నీ కొడితే గాని గుంత పాస్ జెయ్యనని ఓవర్సీరు నిలబడ్డడు. ఒక్కటి ఇడువు సారూ అని అడిగిన, ఇనలే. వేరేటోన్ని పెట్టి కొట్టిస్త నర్సింహా, నువ్వు పక్కకు పో అన్న. వద్దు, నా బిడ్డ మీద ఇంకోని గడ్డపార పడొద్దు, నేనే కొట్టుకుంట అన్నడు. పొద్దెక్కిందాక ఒక్కడే కొట్టిండు. గడ్డపార ఆడనే పారేసి వచ్చిండు. బాలమ్మకు తెలిస్తే సస్తది, చెప్పనని ఒట్టెయ్యి అన్నడు. ఏసిన. నా పెండ్లానికి గూడ చెప్పలె. మీ నాయన పోయినంక అది నా ఒక్కనికే ఎర్క. నీకెట్ల తెలిసింది?"

నాకు వేరే ప్రశ్న ఉంది.

"ట్రాక్టర్ ఎందుకియ్యలే?"

ఆయన కింద పడ్డ మాత్రల అట్ట కోసం వంగాడు.

"మట్టి దించనీకి ఎంతసేపు? పిల్ల సస్తుందని నీకు తెల్వదా?"

"మీ నాయనకు మాట ఇచ్చిన బిడ్డా" అన్నాడు తల వంచుకుని. "నలభై ఏండ్లు నిలబెట్టుకున్న."

"నోరు మూసుకోనీకి నలభై ఏండ్లు నిలబడ్డవు. దవాఖానకు పంపనీకి ఒక్క పూట నిలబడకపోతివి" అన్నాను. ఇంకా చాలా అన్నాను. వాళ్ళ కోడలు బయటికి వచ్చి, ముసలాయన మీద ఇట్ల ఒర్రుతవేందని నన్నే తప్పు పట్టింది. మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఆయన ఇంకా అడుగుతున్నాడు, ఎవరు చెప్పిండ్రు, ఎవరు చెప్పిండ్రు అని.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. నీ మాట నిజమే, నాయనే కొట్టాడని. ఆమె ఆశ్చర్యపోలేదు. "నాకు ఆయన చెప్పిండు గదా, మళ్ళ నువ్వు పోయి అడుగుడేంది?" అంది.

వానాకాలం వచ్చేసరికి ఎడమ కన్ను కూడా పోయింది. ఇప్పుడు ఆమెకు వెలుతురు, చీకటి మాత్రమే తెలుస్తాయి.

మొన్న పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, మా నాయనకు ఎప్పట్లాగే వండాను. ఏటా ఆయన పేరుమీద ఒక విస్తరి వేసి, ఆయనకిష్టమైనవన్నీ పెట్టి వాకిట్లో ఉంచుతాం. పసిపిల్లలుగా పోయినవాళ్ళకు పెట్టే ఆనవాయితీ మా దగ్గర లేదు. అమ్మ గోడ పట్టుకుని వచ్చి కూర్చుంది.

"ఈ ఏడు ఆయనకు పెట్టకు" అంది. "నన్ను మోసం జేసిండు. ఆ పిల్లకు పెట్టు."

నాకు ఆ కోపం నచ్చింది. మొదటిసారి మా అమ్మ, నేను ఒక్క దిక్కు ఉన్నామనిపించింది. చిన్న విస్తరి వేసి పాలన్నం, కొంచెం బెల్లం పెట్టాను. ఆమె విస్తరిని చేత్తో తడిమి చూసుకుంది. కాసేపటికి, నేను గిన్నె లోపలికి తీసుకుపోతుంటే పిలిచింది.

"ఆయనకు గూడ జరంత ఎయ్యి. చేతులు బొబ్బలెక్కినయంట. సూపిచ్చిండు."

ఎప్పుడు చూపించాడు, ఏ కంటికి చూపించాడు అని నేను అడగలేదు. కెమెరాలో మా అమ్మ చెయ్యి దేనికి తగిలి ఆగిందో నాకు తెలియదు. ఆ గోడ దాటి లోపలికి ఎలా పోయిందో తెలియదు. బుచ్చన్న గుండెలో ఉన్న మాట ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. అంటే మరి ఇదేంది అని ఎవరైనా అడిగితే మాత్రం నాకు కోపం వస్తుంది, ఎందుకంటే జవాబు లేదు.

రెండో విస్తరి వేశాను. అమ్మ చిన్న విస్తరి వైపు వంగి, "మణెమ్మా" అని పిలిచింది.

ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ పిలుపు వినగానే ఓ అంటున్నాను. ఆ పూట నోటిదాకా వచ్చింది. ఆపుకుని, గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"తిను బిడ్డా" అంది మా అమ్మ.